పెంపుడు కుందేళ్ళకు మేత ఎంపిక

ఇటీవల మన పల్లెలలోను, పట్టణములలోను పిల్లల ముచ్చట కొరకు కుందేళ్ళను పెంచుట ఎక్కువగుచున్నది. సంతకు పోయిన తండ్రి విత్తనముల సంచితో పాటు గంపలోని తెల్ల కుందేలు పిల్లల జతను కూడ తెచ్చును. ఇంటిల్లిపాది దాని చుట్టు చేరి ఒకరు కారట్ ముక్క, ఒకరు అన్నపు ముద్ద, ఒకరు బిస్కత్తు నోటికందింతురు. కొద్ది రోజులు గడచునప్పటికి జతలో ఒకటి చనిపోవును. "అది సున్నితమైన ప్రాణి, మన ఎండకు తాళలేదు" అని పెద్దలు సరిపెట్టుకొందురు. ఎండ కూడ ఒక కారణమే. కాని అనేక సందర్భములలో దాని ప్రాణము తీయునది మనము ప్రేమతో పెట్టిన తిండియే.

సరియైన మేత, నీడ, నీరు గల ఇంట కుందేలు 8 మొదలు 10 సంవత్సరముల వరకు బ్రతుకగలదు. అందుకు కావలసిన మేతలో ఎక్కువ భాగము రైతు పొలము గట్టుననే లభించును. ఏది ఎంత పెట్టవలెను, ఏది పెట్టరాదు, ఎందులకు పెట్టరాదు అను విషయములను ఈ పాఠములో వివరింతును.

నా ఇంట జరిగిన సంగతి

నేను తరగతిలో పశుగ్రాసముల పాఠము చెప్పువాడను. గేదె మేతలో పీచు ఎంత, మాంసకృత్తులు ఎంత అని నల్లబల్లపై లెక్కలు వేయుట నా వృత్తి. అయినను మా అమ్మాయి కోరికపై ఇంటికి తెచ్చిన రెండు కుందేళ్ళ విషయమున ఆ లెక్క నాకు తోచలేదు. మా అమ్మ వాటికి పూటపూటకు పెరుగన్నము పెట్టెను. అమ్మాయి కారట్లు, అరటిపండు తినిపించెను. నేను దుకాణమువారిచ్చిన గింజల దాణా దోసిళ్ళతో పోసితిని. గడ్డి మాత్రము ఎవరును వేయలేదు.

అయిదవ నాటి ఉదయము ఒక కుందేలు మూలకు ముడుచుకొని కూర్చుండి పండ్లు నూరుచుండెను. కడుపు డోలు వలె ఉబ్బెను. అది నిద్ర కాబోలునని సాయంత్రము వరకు ఊరకుంటిమి. పశువైద్యుని వద్దకు కొనిపోవు సరికే అది చనిపోయినది. ఆ పెద్దాయన రెండవ దానిని పరీక్షించి, వేసిన తిండి ఏమని అడిగి, అంతయు విని, "మాస్టారూ, గడ్డి పాఠము చెప్పేది మీరే గదా! గేదెకు ముందు ఏమి వేస్తారు? దాణాయా, గడ్డియా?" అని మాత్రము అనెను. నేను తలవంచుకొంటిని. ఆ రాత్రి నుండి రెండవ దానికి ఎండుగడ్డి, నీరు ప్రధానముగా పెట్టితిమి. అది బ్రతికినది. ఈ పాఠము ఆ మొదటి కుందేలు నేర్పినది.

ఈ కుందేలు ఏ జాతిది?

మనము ఇంట పెంచు కుందేలు ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు అడవి కుందేలు నుండి మచ్చికయైన జాతి. అది నేలలో బొరియలు త్రవ్వుకొని గుంపుగా నివసించి, గడ్డి మేసి బ్రతుకు జంతువు. మన మెట్ట చేలలో, తుప్పలలో పరుగెత్తు చెవులపిల్లి వేరొక జాతి. దానికి బొరియ లేదు. పిల్లలు పుట్టగనే కండ్లు తెరచి వెండ్రుకలతో నుండును. ఈ చెవులపిల్లిని పట్టుట, పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కోతల వేళ చేలో దాని పిల్లలు కనబడినచో ఇంటికి తేరాదు. తల్లి దగ్గరలోనే యుండి చీకటి పడిన పిమ్మట వచ్చి పాలిచ్చును.

పండ్లు, కడుపు: మేతకు మూలము ఇచ్చటనే

కుందేలుకు 28 పండ్లు గలవు. ముందు పండ్లే కాక నమలు దవడ పండ్లు కూడ జీవితాంతము పెరుగుచునే యుండును. ముందు పండ్లు వారమునకు సుమారు 2 మిల్లీమీటర్ల చొప్పున పెరుగును. అనగా అరుగుదల లేనిచో సంవత్సరమునకు సుమారు 10 సెంటీమీటర్లు! గడ్డిని గంటల తరబడి ప్రక్క ప్రక్కలకు నూరి నమలుట వలననే ఈ పండ్లు సమముగా అరుగును. అన్నము, రొట్టె, నానిన గింజలు నమలుట వలన ఆ అరుగుదల చాలదు. అప్పుడు దవడ పండ్ల అంచులు మొనదేరి నాలుకను, బుగ్గలను గాయపరచును. కుందేలు ఆకలితోనే యుండును గాని తినజాలదు; నోట చొంగ కారును.

ఇక కడుపు సంగతి. కుందేలు వాంతి చేసుకొనలేదు. లోపలికి పోయిన పదార్థము ముందుకు సాగవలసినదే గాని వెనుకకు వచ్చు దారి లేదు. ఆ ప్రేగులను కదలించు శక్తి పీచుది. పీచు తగ్గినచో ప్రేగుల కదలిక మందగించును, లోపలి పదార్థము గట్టిపడును, వాయువు నిండును, నొప్పి చేత కుందేలు తినుట మానును, తినుట మానుటచే కదలిక మరింత తగ్గును. గానుగెద్దు వలె ఈ చుట్టు తిరుగుచునే ప్రాణము పోవును.

చిన్నప్రేగు, పెద్దప్రేగు కలియు చోట సంచి వంటి పెద్ద భాగమొకటి కలదు. దీనిని అంధనాళము అందురు. గేదెకు పెద్దపొట్ట ఎట్లో కుందేలుకు ఈ సంచి అట్టిది. అందులో కోట్లకొలది సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి మాంసకృత్తులను, బి విటమినులను తయారు చేయును. అట్లు తయారైన పదార్థము మెత్తని, జిగురు గల, ద్రాక్షగుత్తి వంటి ఉండలుగా వెలువడును. కుందేలు వాటిని నేలపై పడనీయక నేరుగా నోటితో అందుకొని మ్రింగును. సాధారణముగ ఇది మన కంట బడదు. కంటబడినవారు జబ్బనుకొని మాన్పింప జూతురు. అది జబ్బు కాదు. ఆ జంతువునకు అది రెండవ భోజనము. మనకు నిత్యము కనబడు గుండ్రని, పొడి పెంటికలు వేరు. అవి పీచుతో నిండియుండును. అవి పెద్దవిగా, సమముగా, సమృద్ధిగా ఉన్నంతకాలము కుందేలు కడుపు బాగున్నదని రైతు గ్రహించవలెను.

ఈ మూడు విషయములు తెలిసిన పిమ్మట మేత సూత్రము సులభమే. మన భోజనముతో పోల్చి చెప్పవలెనన్న: కుందేలుకు ఎండుగడ్డి అన్నము, పచ్చి ఆకులు కూర, దాణా ఊరగాయ. ఊరగాయతో కడుపు నింపుకొన్నవాని గతి ఏమగునో చెప్పనక్కరలేదు.

ఎండుగడ్డి: ఏది, ఎప్పుడు, ఎట్లు?

ఎదిగిన కుందేలు తిను మేతలో సుమారు 80 మొదలు 85 శాతము గడ్డియే కావలెను. అది పగలు రాత్రి ఎల్లవేళల గూటిలో ఉండవలెను. తూకము చూచి పెట్టవలసిన పని లేదు. ఎంత తినిన అంత మేలు.

మన ప్రాంతములో గరిక, అంజన్ గడ్డి, గిని గడ్డి ఇందుకు యోగ్యమైనవి. నేపియర్, పారాగడ్డి కూడ లేతగా కోసి ఆరబెట్టి వాడవచ్చును. వరిగడ్డి మన ఇండ్ల సమృద్ధిగా ఉండును గాని అందులో మాంసకృత్తులు 3, 4 శాతమునకు మించవు. ఇసుక వంటి సిలికా ఎక్కువ. కావున వరిగడ్డి గూటిలో పరుపుగా పరచుటకు, కాలక్షేపమునకు కొరుకుటకు మంచిది. అదియొక్కటే మేతగా చాలదు.

గడ్డి విలువ కోత సమయమును బట్టి యుండును. వెన్ను తీయుచున్న దశలో కోసిన గడ్డిలో ఆకు ఎక్కువ, మాంసకృత్తులు తగినంత, పీచు సరిపడునంత ఉండును. గింజ కట్టిన పిదప కోసినచో కాడ ముదిరి సారము తగ్గును. మరీ లేత దశలో నీరెక్కువ, పీచు తక్కువ.

ఆరబెట్టు పద్ధతి:

1. మంచు ఆరిన తరువాత కోసి, గట్టి నేలపైగాని టార్పాలినుపైగాని పలుచగా పరచవలెను.

2. రోజునకు రెండు, మూడుసార్లు తిరుగవేయవలెను. మొదటి రోజు ఎండలో వాడిన పిదప నీడలో ఆరబెట్టినచో ఆకుపచ్చదనము, సువాసన నిలుచును.

3. గుప్పెడు గడ్డి మెలిపెట్టినప్పుడు పెళపెళ విరిగి, కణుపును గోటితో గీచినను తడి తగులకుండ ఉండవలెను. నిలువ చేయు గడ్డిలో తేమ 15 శాతమునకు మించరాదు.

4. తడితో కట్టిన మోపు లోపల వేడెక్కి బూజు పట్టును. బూజు వాసన తగిలిన గడ్డిని ఎండబెట్టి మరల వాడుదమను ఆశ వద్దు; ఎరువు గుంటలో వేయవలెను.

ఎంత గడ్డి కావలెనో లెక్క చూతము. 2 కిలోల కుందేలు రోజునకు సుమారు 60 నుండి 80 గ్రాముల ఎండుగడ్డి తినును. త్రొక్కి పాడుచేయునది కూడ కలిపి సంవత్సరమునకు 40 కిలోలు చాలును. జతకు 80 కిలోలు. పచ్చిగడ్డిలో నీరు 80 శాతము వరకు ఉండునని అనుకొన్నచో, 100 కిలోల పచ్చిగడ్డి ఎండి సుమారు 23 కిలోలగును. అనగా జతకు సంవత్సరమునకు సుమారు 350 కిలోల పచ్చిగడ్డి కోయవలెను. నీటి వసతి గల ఒక సెంటు నేలలో గిని గడ్డి నాటినచో ఈ అక్కర తీరును. పెరటి బావి నీరు, వంటింటి నీరు పారు చోట ఆ గడ్డి పిలకలు నాటుట సులభము. వానాకాలము వెళ్ళిన పిమ్మట అక్టోబరు, నవంబరు నెలలలో గట్లపై గడ్డి సమృద్ధిగా ఉన్నప్పుడే కోసి నిలువ చేసికొన్న రైతు వేసవిలో వెదుకులాడనక్కరలేదు.

గడ్డిని నేలపై పోయరాదు. మూత్రము, పెంటికలు కలసిన మేత వలన కాక్సిడియా అను సూక్ష్మజీవి కడుపులో చేరి, ముఖ్యముగా పిల్లలను విరేచనములతో చంపును. గోడకు వెదురు బద్దలతో చిన్న అర కట్టి, అందులో నిలువుగా గడ్డి పెట్టవలెను. కుందేలు సాయంసమయమునను, వేకువనను ఎక్కువగా మేయును. కాన తాజా గడ్డిని సంధ్యవేళ వేయుట మేలు.

పప్పుజాతి మేతలు

లూసర్న్, పిల్లిపెసర, దశరథ గడ్డి, వేరుశనగ కట్టె మొదలగునవి బలవర్ధకములు. లూసర్న్ ఎండుమేతలో మాంసకృత్తులు సుమారు 15 నుండి 20 శాతము ఉండును. పాడి పశువునకు ఇది వరమే. పెరుగుచున్న 6 నెలలలోపు కుందేలు పిల్లలకు, చూలు కుందేళ్ళకు, పాలిచ్చు తల్లులకు కూడ ఇది మంచి మేతయే.

ఎదిగిన పెంపుడు కుందేలు సంగతి వేరు. అది ఎదుగదు, పాలివ్వదు, గూటిలో తిరుగుట తప్ప పని లేదు. దానికి పప్పుజాతి మేత ప్రధానముగా వేసినచో రెండు కీడులు గలవు. మొదటిది క్రొవ్వు పట్టుట. రెండవది క్యాల్షియము. గడ్డిజాతి మేతలో క్యాల్షియము సుమారు అర శాతము లోపుగా నుండగా లూసర్న్‌లో 1.2 శాతము, అంతకు పైబడియు నుండును. ఇతర జంతువులు తమకు అక్కరయగునంత క్యాల్షియమునే ప్రేగులనుండి గ్రహించును. కుందేలు మేతలో నున్న కొలది గ్రహించి, ఎక్కువైన దానిని మూత్రము ద్వారా విసర్జించును. అందుచేతనే కుందేలు మూత్రము కొంత మసకగా ఉండుట సహజము. అది సున్నపు తేట వలె కాక సున్నపు ముద్ద వలె చిక్కబడినచో, మూత్రాశయములో మడ్డి చేరుచున్నదని తెలిసికొనవలెను. ఎదిగిన వాటికి పప్పుజాతి మేత వారమునకు రెండు మూడు సార్లు, గుప్పెడు చొప్పున చాలును.

వేరుశనగ కట్టె విషయమున రాయలసీమ రైతులు రెండు జాగ్రత్తలు తీసికొనవలెను. కోత సమయమున వానకు తడిసి నల్లబడిన కట్టె వాడరాదు. తిక్కా తెగులుకు మందు చల్లిన చేలోని కట్టెను, మందు డబ్బాపై చెప్పిన గడువు తీరక మునుపు వాడరాదు.

సుబాబుల్ ఆకు మేకలకు వేయు అలవాటున కుందేళ్ళకు కూడ వేయువారు గలరు. అందు మైమోసిన్ అను విషపదార్థము కలదు. ఎక్కువగా తిన్న కుందేళ్ళకు వెండ్రుకలు రాలును; ఎదుగుదల తగ్గును. పెంపుడు కుందేళ్ళకు దీనిని మానుటయే మేలు.

పచ్చి ఆకులు

పచ్చి ఆకులు నీటిని, విటమినులను, రుచిని ఇచ్చును. కిలో బరువునకు రోజునకు 50 మొదలు 75 గ్రాముల వరకు పెట్టవచ్చును. ఒకే ఆకు నిత్యము పెట్టక రెండు మూడు రకములు మార్చి పెట్టవలెను.

నిత్యము పెట్టదగినవి: గరిక, కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, కారట్ ఆకు, మందార ఆకు, మల్బరీ ఆకు. పట్టుపురుగులు పెంచు ఇండ్ల మల్బరీ ఆకు సులభముగ లభించును. కుందేళ్ళు ఇష్టముగా తినును.

అప్పుడప్పుడు కొద్దిగా పెట్టదగినవి: మెంతికూర, మునగాకు, కాబేజీ, కాలీఫ్లవర్ ఆకు. మునగాకు బలమైనదే గాని క్యాల్షియము ఎక్కువ. కాబేజీ ఒక్కసారిగ ఎక్కువ పెట్టినచో కొన్నింటికి కడుపుబ్బరము కలుగును.

పాలకూర, తోటకూర, గోంగూరలలో ఆక్సాలిక్ ఆమ్లము అధికము. ఇవి వారమునకు ఒకమారు నాలుగైదు ఆకులకు మించరాదు.

బజారున కొన్న ఆకుకూరలను రెండు మూడు నీళ్ళలో కడిగి, నీరు విదిల్చి పెట్టవలెను. నిలువయుండి వేడెక్కిన, కుళ్ళిన ఆకులు పెట్టరాదు. పత్తి, మిరప చేల గట్లపై గడ్డి కోయునప్పుడు ఆ చేలో మందు ఎప్పుడు కొట్టిరో విచారించవలెను. గేదెకు ఆనవాలు తెలియని మందు పాలు, 2 కిలోల ప్రాణికి మృత్యువు కావచ్చును. వానలు లేక వాడిన లేత జొన్న పైరు కోసి వేయరాదు. అందు పుట్టు విషము పశువులకు వలెనే వీటికిని ప్రమాదకరము.

కారట్ సంగతి

కుందేలు అనగనే కారట్ అను భావము బొమ్మల చిత్రముల వలన వ్యాపించినది. 1940లో అమెరికా తెరపై కారట్ కొరుకుచు వచ్చిన బగ్స్ బన్నీ అను బొమ్మ కుందేలు దీనికి చాల ప్రచారము కల్పించెను. నిజమునకు అడవిలోని కుందేలు గడ్డి మేయునే గాని దుంపలు త్రవ్వుకొని బ్రతుకదు. కారట్‌లో సుమారు 88 శాతము నీరు. మిగిలిన దానిలో చక్కెర గణనీయము. అది విషము కాదు, మిఠాయి. వారమునకు రెండుసార్లు బొటనవ్రేలి గోరంత ముక్కలు రెండు చాలును. అరటి, ఆపిల్, బొప్పాయి మొదలగు పండ్లకును ఇదే లెక్క. కారట్ దుంప మనము వండుకొని, పైనున్న ఆకు కుందేలుకు వేయుట ఉభయతారకము.

గింజలు, దాణా, అన్నము

బియ్యము, జొన్న, మొక్కజొన్న, రొట్టె, బిస్కత్తు — వీటియందు పిండిపదార్థము మెండు, పీచు స్వల్పము. ఎక్కువగా తిన్న పిండిపదార్థము చిన్నప్రేగులో పూర్తిగ జీర్ణము కాక అంధనాళమునకు చేరును. అచ్చట మేలు చేయు సూక్ష్మజీవుల స్థానమున కీడు చేయునవి ప్రబలి విషమును పుట్టించును. పాలు మరచిన క్రొత్తలో పిల్లలకు ఈ ప్రమాదము మిక్కిలి ఎక్కువ. పెరుగు, పాలు ఎదిగిన కుందేలుకు సహజమైన ఆహారము కానేకాదు. మా ఇంట జరిగినది ఇదియే.

బజారున అమ్ము కుందేలు దాణా గుళికలను కొనువారు సంచిపై వ్రాసిన వివరములు చదువవలెను. ఎదిగిన పెంపుడు కుందేలుకు పీచు 18 శాతమునకు తగ్గనిది, మాంసకృత్తులు 12 నుండి 14 శాతము గలది శ్రేష్ఠము. రంగురంగుల గింజలు, ఎండుపండ్లు కలిపినది కొనరాదు. కుందేలు తియ్యనివి ఏరి తిని పీచు గలవానిని వదలును. మాంసము కొరకు పెంచు ఫారముల దాణా త్వరగా బరువు పెరుగుటకు ఉద్దేశించినది. అది పెంపుడు కుందేలును క్రొవ్వెక్కించును. మంచి గడ్డి పుష్కలముగ ఉన్నచో దాణా లేకున్నను పెద్ద లోటు రాదు.

ఇంట దాణా కలుపు రైతులు వేరుశనగ చెక్క విషయమున మిక్కిలి జాగ్రత్త వహించవలెను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణము తెలియక చనిపోయెను. విచారింపగా బూజుపట్టిన వేరుశనగ పిండిలోని అఫ్లాటాక్సిన్ అను విషమే కారణమని తేలినది. ఆ విషమునకు త్వరగా లొంగు జంతువులలో కుందేలు ఒకటి. బూజు తగిలిన చెక్క గాని, కట్టిన తవుడు గాని ఎంత చవుకైనను వలదు.

పెట్టకూడనివి

గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదము, వయ్యారిభామ, టమాటా ఆకు, బంగాళాదుంప ఆకు, మొలకెత్తిన బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు — వీనిని కుందేలు దరికి చేరనీయరాదు. గడ్డి కోయు పిల్లలకు ఈ మొక్కలను చేతబట్టి చూపి గుర్తింపు నేర్పుట మంచిది.

నీరు, వేసవి

కుందేలు కిలో బరువునకు రోజునకు 50 మొదలు 150 మిల్లీలీటర్ల నీరు త్రాగును. ఎండుగడ్డి తిను కుందేలుకు నీరు తప్పనిసరి. నీరు లేనిచో మేత మానును. "ఆకులు తినుచున్నది గదా, నీరెందుకు?" అనుట పొరపాటు. బరువైన మట్టి మూకుడులో పోసి, రోజునకు రెండుసార్లు మార్చవలెను.

కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడి చాలవరకు చెవుల ద్వారా పోవును. వాతావరణము 30 డిగ్రీలు దాటినది మొదలు అది బాధపడును. మన వేసవిలో గూటిని చెట్టు నీడన గాని, తాటాకు పందిరి క్రింద గాని ఉంచి, చుట్టును తడి గోనెపట్టాలు కట్టవలెను. నడి ఎండలో మేత వేసినను అది తినదు. వేకువన, రాత్రి వేయవలెను.

పిల్లలు, తల్లులు

కుందేలు పిల్లలు 10 మొదలు 12 రోజులకు కండ్లు తెరచును. మూడవ వారమున గడ్డి కొరుకుట నేర్చును. సంతలలో నెల నిండని పిల్లలను అమ్ముట కలదు. అట్టివానిని కొనరాదు. 8 వారములు నిండిన వానిని కొనుట క్షేమము. కొనునప్పుడు ఇంతవరకు ఏమి తినెనో అడిగి, అదే మేత మొదటి వారము పెట్టి, క్రమముగా 7 మొదలు 10 రోజులలో మన మేతకు మార్చవలెను. సూక్ష్మజీవులు క్రొత్త మేతకు అలవాటు పడుటకు ఈ వ్యవధి కావలెను. ఏ వయస్సు కుందేలుకైనను మేత ఒక్క పూటలో మార్చుట ప్రమాదకరము.

2 కిలోల ఎదిగిన కుందేలుకు రోజువారీ మేత

ఎండుగడ్డి: ఎల్లవేళల, కోరినంత.

పచ్చి ఆకులు: 100 నుండి 150 గ్రాములు, రెండు పూటలుగా.

దాణా గుళికలు: 20 నుండి 30 గ్రాములు, అంతకు మించరాదు.

కారట్ లేక పండు: రెండు చిన్న ముక్కలు, వారమునకు రెండుసార్లు.

నీరు: ఎల్లవేళల.

కొరుకుటకు మందు తగలని మల్బరీ పుల్లలు.

ప్రమాద సూచనలు

ప్రతి ఉదయము గూడు ఊడ్చునప్పుడు పెంటికలను చూచుట అలవాటు చేసికొనవలెను. అవి చిన్నవైనను, తగ్గినను గడ్డి చాలుట లేదన్న మాట. మెత్తని ఉండలు తినక వదలి, వెనుక భాగము అంటుకొనుచున్నచో మేత బలము మితిమీరినది. దాణా, పండ్లు ఆపి గడ్డి పెంచవలెను. చొంగ కారినచో పండ్లు చూపించవలెను. పండ్లు నూరుచు ముడుచుకొని కూర్చున్నను, కడుపుబ్బినను, నీళ్ళ విరేచనములైనను, 12 గంటలు ఏమియు తినకున్నను ఆలస్యము చేయక పశువైద్యుని వద్దకు కొనిపోవలెను. రేపు చూతమనుట కుందేలు విషయమున పనికిరాదు.

ఇంటిలోని మనుషుల మాత్రలు, మేకల మందులు వేయరాదు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు నోటి ద్వారా ఇచ్చినచో కుందేలు కడుపులోని మేలు చేయు సూక్ష్మజీవులు నశించి ప్రాణాపాయము కలుగును.

ముగింపు

రైతు సోదరులారా! పాడి గేదె ముందు గడ్డి వేయక దాణా మాత్రము పెట్టు రైతు మనలో ఎవరును లేరు. పెరటిలోని చిన్న ప్రాణికిని అదే న్యాయము. పిల్లలకు కుందేలును కొనియిచ్చుటకు ముందే ఒక సెంటు నేలలో గిని గడ్డి పిలకలు నాటుడు. గడ్డి కోయుట, ఆరబెట్టుట, పెంటికలు పరిశీలించుట పిల్లల చేతనే చేయించుడు. ఒక ప్రాణిని ముద్దుచేయుట వేరు, పోషించుట వేరు అను పాఠము వారికి మనకంటె ముందుగానే తెలియును. మా అమ్మాయి ఇప్పుడు పాఠశాలకు పోవు ముందు ప్రతిదినము అరలో గడ్డి నింపి పోవుచున్నది. మా అమ్మయు పెరుగన్నము మాని, కొత్తిమీర కాడలు దాచి సాయంత్రము తన చేతితో పెట్టుచున్నది.